పద్నాలుగు పేర్ల మంద

అనగనగనగా, కొండలింకా చంటిపిల్లలుగా ఉన్న రోజుల్లో, రేగులపాడు అనే ఊరుండేది. మీ తాతలు ఆ ఊరు చూడలేదు. వాళ్ళ తాతలూ చూడలేదు. నేను చూశాను.

ఆ ఊళ్ళో పానకాలుసెట్టి అని ఒక సాంబ్రాణి వర్తకుడు. అతను సరదాపడి ఒక పాడిమేకను తెచ్చుకున్నాడు. తెల్లని మేక, నుదుట నల్లని చుక్క. దానికి చంద్రి అని పేరు పెట్టాడు. చంద్రి పాలిచ్చిందంటే ఎన్ని పాలనుకున్నారు? ఏడు కడవలు నిండి, పొంగి, వీధిలో పారితే నేను చెప్పులు చేతపట్టుకుని దాటాను! ఆ కాలంలో మేకలకు మాటలు వచ్చు. చంద్రికైతే నోరు మూసుకోవడం కూడా వచ్చు.

చంద్రి ఈనింది. దాని పిల్లలు పెరిగి అవీ ఈనాయి. మూడేళ్ళు తిరిగేసరికి మంద పద్నాలుగైంది. సెట్టి ఒక్కదాన్నీ వదలకుండా పేర్లు పెట్టాడు. ముత్యం, పగడం, బెల్లమ్ముక్క, దొరసాని... సాయంత్రం గుమ్మంలో నిలబడి పేరు పిలిస్తే, పిలిచినది పరుగెత్తుకొచ్చి అతని అరచెయ్యి నాకేది. ఆ ముచ్చట చూడడానికి ఏడు దేశాల రాజులు పల్లకీలు దిగి వరసలో నిలబడేవారు. వరసలో మొదటివాణ్ణి నేనే.

పక్క కొండవాలులో గొల్ల బీరవ్వ దొడ్డి ఉండేది. సెట్టి తండ్రిని ఎత్తుకు తిరిగిన ముసలిది. మేకలే ఆమె బతుకు. ఆమె దొడ్డిలో ఒక పద్ధతుంది. ఏటా గడ్డివామి వేసి, అది ఎన్ని మేకలను వేసవి దాటిస్తుందో చూసుకునేది. ఆ లెక్కకు వచ్చినవాటికే పేర్లు. మిగిలినవి పేరు లేకుండా సంతకు పోయేవి.

వానాకాలంలో బీరవ్వ వచ్చింది.

"సెట్టీ, పోతుపిల్లలు ఏపుగా ఉన్నాయి. రేపు సంతకు తోలుతున్నాను, నీవీ ఇయ్యి."

"ముత్యాన్ని అమ్మమంటావా అవ్వా? నా కన్నబిడ్డ కాదూ అది!"

"అయితే నీ బిడ్డలు వానకు నానిపోతున్నాయి. కొట్టం కప్పించు."

సెట్టి నవ్వాడు. "వర్తకుణ్ణి అవ్వా నేను. మేక నాకు పెట్టాలి గాని, నేను మేకకు పెడితే అది వ్యాపారం ఎలా అవుతుంది?"

మంచు కురిసే రోజుల్లో బీరవ్వ మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడైనా కొన్ని ఇయ్యి నాయనా."

"పగడాన్నా? పగడం కనబడకపోతే నాకు ముద్ద దిగదు."

"అయితే దాని దగ్గు విను. మందు పోయించు."

"మందులు పోయిస్తూ కూర్చుంటే లాభం మిగిలినట్టే! అదే తగ్గుతుందిలే."

కోతలయ్యాక బీరవ్వ మూడోసారి వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"చెరువులో నీళ్ళు మోకాలెత్తు లేవు. సగం మందను అమ్ము, కాదంటే మొత్తానికీ సరిపడా గడ్డి కొని వామి వెయ్యి. రెంటిలో ఏదో ఒకటి చెయ్యి."

"అమ్మను. ప్రాణం పోతుంది నాకు."

"అయితే గడ్డి కొను."

"కొండ నిండా ఊరికే మేత ఉంటే, గడ్డి కొనే వెర్రి వర్తకుణ్ణి ఎక్కడైనా చూశావా?"

"అమ్మమంటే తండ్రివి, మేపమంటే బేరగాడివి. బాగుంది నీ వరస! విన్నావటే చంద్రీ?" అంది బీరవ్వ.

చంద్రి వింది. నెమరు వేస్తూనే ఉంది.

వేసవి వచ్చింది. ఎండ ఎలాంటిదంటే, నా నీడ నన్నొదిలేసి చెట్టు కిందికి పోయి కూర్చుంది. సాయంత్రం బతిమాలి తెచ్చుకున్నాను. కొండ మీద ఆకు మాడింది, ఆకు తరవాత బెరడు మాడింది. సెట్టి సంచీ పట్టుకుని గడ్డి కోసం ఊరూరా తిరిగాడు. డబ్బుంది, గడ్డి లేదు. ఎవరి వామి వాళ్ళ పశువులకే చాలలేదు.

ఇక్కడినుంచి పెంచి చెప్పడానికి నాకు నోరు రాదు పిల్లలూ. జరిగింది జరిగినట్టే చెబుతాను.

సెట్టి బీరవ్వ వాకిట్లో నిలబడ్డాడు. "అవ్వా, నా మందను చేర్చుకో."

"నా వామి నా వాటికి కొలిచి వేసుకున్నది నాయనా. పొదుపుగా పెడితే ఇంకో రెండింటికి వస్తుంది. ఏ రెండో చెప్పు, ఇప్పుడే తోలుకొస్తాను."

"పద్నాలుగింటిలో రెండా? ఎలా చెప్పను?"

"నేను ఏటా చెబుతాను. ఏడుస్తూ చెబుతాను. అయినా చెబుతాను."

సెట్టి ఇంటికొచ్చాడు. పేర్లన్నీ తలుచుకున్నాడు. ఏ పేరూ వదలలేకపోయాడు. తెల్లవారేసరికి నాలుగు మేకలు లేవలేదు. మర్నాడు మళ్ళీ తలుచుకున్నాడు. ఆ రోజు పగడం దగ్గుతూ దగ్గుతూ పోయింది, దాని వెనక మరి అయిదు. మూడోనాడు పొద్దెక్కేసరికి ఇంకో రెండు. ముత్యం నేలమీద పడి ఉంది. పేరు పిలిస్తే చెవి మాత్రం కదిపింది.

అప్పుడు చంద్రి నోరు విప్పింది.

"సెట్టీ, నువ్వు పిలిచినప్పుడల్లా వచ్చాం. అమ్మవలసిన రోజున నీకు బిడ్డలమయ్యాం, మేపవలసిన రోజున సరుకయ్యాం. రెంటిలో ఏ ఒక్కటిగా చూసినా మాలో కొందరమైనా మిగిలేవాళ్ళం."

సెట్టి ముత్యాన్ని భుజాన వేసుకుని, చంద్రిని నడిపించుకుంటూ వాలు ఎక్కాడు. బీరవ్వ దొడ్డి తలుపు తెరిచే ఉంది. లోపల ఒక మూల రెండు చిన్న గడ్డికుప్పలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. మూడు రోజులుగా ఆమె వాటిని దేన్నీ ముట్టనివ్వలేదు.

చంద్రి ఒక కుప్ప దగ్గరికి పోయి నిలబడింది. సెట్టి ముత్యాన్ని రెండో కుప్ప దగ్గర దించాడు. ముత్యం గడ్డి వాసన చూసింది. తినలేదు. అలాగే తల వాల్చేసింది.

తొలకరి పడింది. కొండ పచ్చబడింది. సెట్టి రోజూ వచ్చి కంచె అవతల నిలబడి, "చంద్రీ!" అని పిలిచేవాడు. చంద్రి మేస్తూనే ఉండేది, తల ఎత్తేది కాదు. ఆ తరవాత అది ఎవరితోనూ మాట్లాడలేదు. దాన్ని చూసి మిగతా మేకలూ మాటలు మానేశాయి.

అందుకే పిల్లలూ, ఏ జీవాన్నైనా గుమ్మం దాటించకముందే అది ముద్దుకో బతుకుతెరువుకో తేల్చుకోవాలి. రెండూ కావాలని ఏదీ పూర్తిగా చెయ్యనివాడి దొడ్డిలో చివరికి పేర్లే మిగులుతాయి.