పద్నాలుగో వరుస దాటని లెక్క

పేరిశాస్త్రి మాస్టారిని ప్రశ్న అడగదలచుకున్నవాళ్లు ముందు గట్టి చెప్పులు చూసుకోవాలని గుంటూరు బ్రాడీపేటలో సి.ఏ. చదివే పిల్లలు చెప్పుకునేవారు. ఆయన నోటితో జవాబు చెప్పరు, ఎక్కడికో ఒకచోటికి పంపుతారు. "ఆడిటరన్నవాడు ఎవరిని నమ్మాలి?" అని అడిగిన ఒక శిష్యుణ్ణి మూడు రోజులపాటు పెళ్లివారి వంటశాలలో కూర్చోబెట్టారట. అతను తిరిగివచ్చాక ఎవరిని నమ్మాలో ఎవరికీ చెప్పలేదు గాని, ఆ తరువాత ఏ పెళ్లిలోనూ గారెలు లెక్కపెట్టకుండా తినలేదు. అలాంటి మాస్టారిని వాగ్దేవి మార్చి నెలాఖరున ఒక ఉదయం అడిగింది. "ఎంత చదివితే చాలు మాస్టారూ?"

ఊరికే అడిగింది కాదు. డిగ్రీ చేతికొచ్చి అయిదేళ్లు దాటింది. ఆడిటరు దగ్గర చేయవలసిన మూడేళ్ల శిక్షణా ముగిసింది. మిగిలింది ఆఖరి పరీక్ష ఒక్కటే, దానికి సరిగ్గా నెల రోజుల గడువుంది. ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం ఆమె ఆ పరీక్ష ఇప్పటికి మూడుసార్లు తప్పింది. నిజం చెప్పాలంటే ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. ఎందుకంటే ఒక్కసారి కూడా రాయలేదు. ఫీజు కట్టేది, హాల్ టికెట్టు తెచ్చుకునేది, పరీక్ష జరిగే కాలేజీ గేటు దాకా వెళ్లేది. అక్కడ ఎవరో ఇద్దరు, తాను సరిగా చూసుకోని పాఠం గురించి గడగడా మాట్లాడుకుంటూంటే విని, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేది. రెండు నెలలు పోయాక రేపల్లెలో ఉన్న తండ్రికి ఫోను చేసి "పోయింది నాన్నా" అనేది. పోస్టుమ్యానుగా పనిచేసే వీరరాఘవులు ఆ మాట విని ఒక్కనాడూ కోప్పడలేదు. "పోనీలే తల్లీ, మళ్లీ రాద్దువుగాని" అని, మర్నాడు ఉత్తరాలు పంచుతూ వీధి వీధికీ "మా అమ్మాయికి కొంచెంలో పోయిందండీ" అని చెప్పుకొచ్చేవాడు. ఆ "కొంచెంలో" ఆయన సొంత కల్పన. ఆయన తిట్టి ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. ఈసారి కూడా గేటు దగ్గర వెనక్కి తిరిగితే మళ్లీ ఆ ఫోను చేయగల ధైర్యం తనకు లేదని ఆమెకు తెలుసు.

అలాగని చదవని పిల్ల కాదు. తెల్లవారుజామున లేచి, ఒళ్లంతా కళ్లు చేసుకుని చదివేది. కాకపోతే పుస్తకంలో నూటయాభయ్యో పేజీకి వచ్చేసరికి ముప్పయ్యో పేజీలో ఏముందో గుర్తులేదనిపించేది. అంతే, మొదటి పేజీకి వెళ్లేది. ఏటా చట్టం మారిందంటారు. మారిన ముక్క ఒక్కటీ చూసుకుంటే పోయేదానికి మళ్లీ మొదటి పేజీయే. ఆమె పుస్తకాలను పక్కనుంచి చూస్తే ముందుభాగం చేతి మురికికి నల్లబడి, మిగతాది కొట్లో కొన్ననాటి తెలుపుతోనే ఉండేది. పునాది గట్టిగా ఉండాలి కదా అని ఆమె వాదన. పునాది మీద పునాది పోసుకుంటూ పోతే గోడ ఎప్పుడు లేస్తుందని అడిగేవాళ్లు హాస్టల్లో ఎవరూ లేకపోయారు.

మాస్టారు ఆమె ప్రశ్న విన్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. తరువాత చిన్న చీటీ మీద ఏదో రాసి చేతికిచ్చారు. "రేపు పొద్దున్నే నరసరావుపేట రోడ్డులో ఈ కోల్డ్ స్టోరేజీకి వెళ్లమ్మా. వాళ్ల ఆడిటు నాదే. ఏడాది చివర కదా, నిల్వ చూడాలి. మూడో నంబరు గదిలో టిక్కీలెన్నో లెక్కపెట్టి ఉంచు. నాలుగింటికి నేనొస్తాను. లెక్క తేలేదాకా గదిలోంచి ఒక్క టిక్కీ కదలకూడదు." గుంటూరు సీమలో మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. నెల రోజుల్లో పరీక్ష పెట్టుకుని ఒక రోజంతా బస్తాలపాలు చేయడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు. అయినా కాదనలేక తలూపింది.

మర్నాడు ఎనిమిదింటికల్లా అక్కడికి చేరింది. బయట ఎండ అప్పుడే మాడుస్తోంది. లోపల గదిలో అడుగుపెడితే ఎముకలు కొరికే చలి. చలిలో కూడా మిరప ఘాటు తగ్గదని ఆమెకు మొదటి తుమ్ముతోనే తెలిసింది. గది ఈ చివరనుంచి ఆ చివరదాకా నలభై వరుసల టిక్కీలు, ఒక్కొక్క వరుసలో అరవై పైచిలుకు. తలుపు దగ్గర బస్తాలు మోసే ముఠాకు మేస్త్రి మస్తాన్‌వలి, అతని మనుషులు ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. మేస్త్రి యాభై ఏళ్లవాడు. చెవులదాకా ఉన్ని టోపీ దించుకున్నాడు.

"ఈ లెక్కయ్యేదాకా మేం చేతులు ముడుచుక్కూచోవాల్సిందేనా అమ్మా?" అన్నాడు.

"అంతేనండీ. మాస్టారు కదపొద్దన్నారు."

"సరే కూచుంటాం. బయట రెండు లారీలున్నయ్. మజ్జాన్నానికి తేలిపోద్దిగా?" అని ముక్కు ఎగపీల్చాడు. "వెనకాల వరసల్లో ఏందో తడివాసన కొడతాంది. ముందు అటు చూసుకుంటారా?"

"అటు కూడా వస్తానండీ. వరుసగా రావాలి కదా" అంది వాగ్దేవి. వరుస తప్పడమంటే ఆమెకు చిన్నప్పటినుంచీ పడదు.

తెల్లకాగితం తీసి, స్కేలుపెట్టి గీతలు కొట్టి, పైన తారీకు వేసి మొదలుపెట్టింది. పద్నాలుగో వరుస దాకా ఇబ్బంది లేదు. అక్కడ నిలబడి చూస్తే అయిదో వరుసలో రాసిన అరవై ఆరు మీద అనుమానం వచ్చింది. అరవై ఎనిమిదేమో? ఎటూ వెనక్కి వెళ్తున్నాను కదా, మొదటినుంచే చూసుకుంటే పోతుందనుకుంది. కొత్త కాగితం తీసి మళ్లీ గీతలు కొట్టింది. రెండోసారి పదిహేనో వరుసలో ఉండగా తుమ్ము మీద తుమ్ము వచ్చి, తేరుకునేసరికి వేలు ఏ టిక్కీ మీదుందో మరిచిపోయింది. అయిదో వరుసలో రెండుసార్లూ అరవై ఆరే వచ్చిందన్న సంగతి ఆమెకు కొంచెం కూడా ఊరట ఇవ్వలేదు. పైగా రెండుసార్లూ ఒకే తప్పు చేశానేమోనన్న కొత్త భయం పట్టుకుంది. మూడో కాగితం తీసింది.

పదకొండయింది. పన్నెండయింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, బయటికొస్తే చెమటలు పోస్తున్నాయి. లారీ డ్రైవర్లు హారను మీద హారను కొడుతున్నారు. ముఠావాళ్లు బయట గోడనీడన కూర్చుని, తలుపులోంచి ఆమెనే చూస్తున్నారు. ఆ చూపులు వీపున గుచ్చుకుంటుంటే ఒకటికి రెండుసార్లు అంకెలు తారుమారయ్యాయి. అన్నం తినలేదు.  హాస్టల్ గదిలో తెల్లవారుజామున పుస్తకం ముందూ రోజూ ఇదే తంతు. మూడింటికి మస్తాన్‌వలి లోపలికొచ్చి, ఎన్నో వరుసలో ఉన్నారని అడిగాడు. పద్నాలుగు అంది. పన్నెండింటికి అడిగినా పద్నాలుగే అన్నారుగదా అన్నాడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందని అతను పైకి అనలేదు, ముఖంలోనే కనిపించింది.

"తప్పు రాకూడదు కదండీ" అంది ఆమె. 

"తప్పు లెక్కయితే దిద్దుకోవచ్చమ్మా. లేని లెక్కని యాడ పట్టుకుని దిద్దుతారు?" అన్నాడు మస్తాన్‌వలి. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

నాలుగింటికి మాస్టారు ఆటో దిగారు. ఆమె చేతిలోని మూడు కాగితాలూ తీసుకుని చూశారు. మూడింటిలోనూ పద్నాలుగో వరుస కింద తెల్లగా ఉంది. తడివాసన సంగతి మస్తాన్‌వలి చెప్పగా విన్నారు. శాలువా కప్పుకుని, గదిలోకి నడిచి, పదిహేను, ఇరవై, ముప్పయి దాటి ఆఖరి వరుస దగ్గర ఆగారు. వెనకే వచ్చిన మస్తాన్‌వలి టార్చి వేశాడు. గోడవారగా పోయే, గదిని చల్లబరిచే నీళ్ల గొట్టం ఒకచోట చిట్లి, నీళ్లు సన్నటి ధారగా టిక్కీల మీద పడుతున్నాయి. గోనెలు నల్లగా నాని ఉన్నాయి. ఒకదాన్ని విప్పి చూస్తే ఎర్రగా నిగనిగలాడవలసిన కాయ మెత్తబడి, ముద్దయి చేతికి అంటుకుంది.

"రాత్రే చిట్లుంటది" అన్నాడతను టార్చి తిప్పుతూ. "పొద్దున మూడో నాలుగో తడిసుంటయ్. ఎండలో పోసుకుంటే తేరుకునేయి. ఇప్పుడు చూడండి." ఇప్పుడు ఇరవైమూడున్నాయి. వాటి మీద పెయింటుతో రాసిన పేరు ఒకటే. ఎవరో ఒకే రైతువి. లెక్క తేలేదాకా ఒక్క టిక్కీ కదపొద్దని ఆపింది ఆమె. పొద్దుటినుంచి ఎనిమిదిమంది మనుషులను, రెండు లారీలను ఆపి, మూడుసార్లు లెక్కపెట్టిన వరుసలనే నాలుగోసారి లెక్కపెట్టబోయింది కూడా ఆమే. వాగ్దేవికి నిలువునా సిగ్గేసింది. చున్నీ నడుముకు బిగించి, ముఠావాళ్లతోపాటు తడిసిన టిక్కీలను బయటికి లాగింది. చేతులు భగ్గుమని మండాయి. ఎవరూ వద్దనలేదు.

అన్నీ ఎండలో పరిచాక అరుగు మీద టీ తాగుతూ మాస్టారు ఆ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఒక్కొక్క అంకెనూ వేలితో చూసుకుంటూ దిగారు. మూడింటిలోనూ ఎక్కడా ఒక్క అంకె తేడా లేదు.

"మొదటి పద్నాలుగు వరుసలూ బాగున్నాయమ్మా" అన్నారు. "మూడుసార్లూ బాగున్నాయి."

మస్తాన్‌వలి ఫక్కున నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. వాగ్దేవి గ్లాసు కింద పెట్టి లేచింది. మళ్లీ కొత్త కాగితం కోసం సంచీలోకి వెళ్లిన చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది. మూడో కాగితమే తీసుకుని, ఒక సుద్దముక్క అడిగి పుచ్చుకుని, పదిహేనో వరుస దగ్గర మొదలుపెట్టింది. అయిన వరుసకల్లా సుద్దతో అడ్డగీత పెట్టుకుంటూ పోయింది. ఇరవైరెండో వరుసలో అనుమానం వచ్చింది. కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకుని, ఆ అంకె పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు నడిచింది. ఆ ఒక్క అడుగుకే పొద్దుటినుంచి పడిన శ్రమంత అయింది. ముప్పావు గంటలో నలభై వరుసలూ అయిపోయాయి. తడిసిన ఇరవైమూడూ కలుపుకుని చూస్తే రిజిస్టరుకూ ఆమె లెక్కకూ రెండు టిక్కీలు తేడా వచ్చింది. ప్రశ్నార్థకం పెట్టిన వరుస ఒక్కటే మళ్లీ చూస్తే, మూలన అడ్డంగా పడుకోబెట్టిన రెండూ కనబడ్డాయి. లారీలు గదిముందుకు వచ్చాయి. ముఠావాళ్లు గబగబా లేచారు. ఆ రైతుకు ఎవరు ఏమని చెప్పాలో కోల్డ్ స్టోరేజీ యజమానీ, మస్తాన్‌వలీ మాట్లాడుకుంటూ లోపలికి వెళ్లారు. ఆ మాటలు రోడ్డెక్కేదాకా వాగ్దేవి చెవుల్లో మెదులుతూనే ఉన్నాయి.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడినప్పుడు ఇంకా పొద్దు గుంకలేదు. మాస్టారు తన ప్రశ్నకు జవాబు చెబుతారేమోనని ఆమె కాసేపు చూసింది. ఆయన చెట్టు మీది కాకిని చూస్తున్నారు. మండుతున్న అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ, ఇన్నాళ్లుగా ఎవరి ముందూ అనని మాట ఆమె అనేసింది.

"మాస్టారూ, నేను మూడుసార్లూ తప్పలేదు. అసలు పరీక్షే రాయలేదు. మా నాన్నకు కూడా తెలియదు."

"నాకు తెలుసమ్మా" అన్నారు ఆయన.

ఆమె గతుక్కుమంది. "ఎవరు చెప్పారండీ?"

"తప్పినవాళ్లు ఫలితాలొచ్చిన రోజున నా దగ్గరకొచ్చి ఏడుస్తారు. నువ్వు మూడుసార్లూ కొత్త పుస్తకాల జాబితా అడగడానికి వచ్చావు."

బస్సు వచ్చి ఆగింది. మాస్టారు మెట్టు మీద ఒక కాలు పెట్టి, చువ్వ పట్టుకుని, ఆమెవైపు తిరిగారు.

"ఈసారి ఏడవడానికైనా రా."