బోర్లించిన గ్లాసు

మస్తానప్పకు నిద్ర పట్టక పద్నాలుగు నెలలయింది. ఆ పద్నాలుగు నెలల్లో రెప్ప వాల్చలేదంటే వాల్చలేదు. ఆదోనిలో సగం ఊరిని పరుపులు కుట్టి నిద్రపుచ్చిన మనిషి, తన దిండు మీద మాత్రం తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లేవాడు.

ఆ దిండు అట్లాంటిది మరి. తల పెడితే కరకరమనేది.

సంగతేమంటే, ఏడాదిన్నర కిందట ఒక కాలేజీ హాస్టలు వాళ్ళు అతని దగ్గర దిండ్లు కుట్టించుకున్నారు. ఆ బేరం కోసమే జీఎస్టీ నంబరు తీసుకున్నాడు. బేరం అయిపోయింది. ఆ వెంటనే దూది మూటల మీదనుంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మూటలు ఆకాశమంత ఎత్తున పేర్చి ఉండెనట, కింద పడేసరికి పొద్దు గుంకిందట. కొట్టుకు తాళం పడింది. పద్నాలుగు నెలల్లో ఒక్క దిండు అమ్మలేదు.

నెలనెలా ఇంత అమ్మినానని లెక్క దాఖలు చేయాలని అతనికి తెలుసు. కానీ అమ్మిందే లేదాయె. లేనిదానికి లెక్కేంది అని ఊరుకున్నాడు.

జీఎస్టీ ఆఫీసు నుంచి కవర్లు రావడం మొదలైంది. పోస్టుమాను సైకిలు ఆ కొట్టుకు తిరిగి తిరిగి మూడు జతల టైర్లు అరగదీసింది. మస్తానప్ప ఒక్క కవరూ చించలేదు. చించితే లోపల ఏముంటుందో అని భయం. పారేయాలన్నా భయమే. భార్య హుసేనమ్మ కంట పడకుండా ఒక దిండు మూతి విప్పి, దూది మధ్యలోకి వాటిని తోసి, మళ్ళీ కుట్టేశాడు. వచ్చిన కవరు వచ్చినట్టు అందులోకే పోయింది.

కాలు బాగుపడింది. కొట్టు తెరిచిన వారానికి ఆ హాస్టలు వార్డెనే మళ్ళీ వచ్చాడు. మూడు వందల పరుపులు కావాలన్నాడు. గలీబులు కుట్టే పన్నెండు మంది ఆడవాళ్ళు ఆ మాట విని చీర కొంగులు బిగించారు. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి మళ్ళీ రెండు పూటలా వెలిగే బేరం అది.

మరునాడు వార్డెను ఫోను చేశాడు. "ఏం మస్తానప్పా, నీ నంబరు ఆపేసినట్టు చూపిస్తా ఉంది. వారంలో సరిచేసుకోని రా. లేదంటే వేరేవాళ్ళకిచ్చేస్తాం."

మస్తానప్ప ఆ దిండు చంకలో పెట్టుకొని గుట్టెక్కాడు.

గుట్ట మీద చావిడిలో పీరుసా తాత ఉంటాడు. ఆయనకు చదువు రాదు. ఆయన గడ్డంలో రెండు పిచ్చుకలు గూడు కట్టి, పిల్లల్ని పెంచి పెద్దచేసి పంపాయని గుట్ట కింద ఎవరినడిగినా చెబుతారు. మస్తానప్ప చిన్నప్పటినుంచీ ఆయన శిష్యుడే. కష్టమొచ్చినప్పుడల్లా శిష్యుడు, తక్కిన రోజుల్లో పరుపుల వ్యాపారి.

"తాతా, నాకీ సంసారమొద్దు. ఫకీరునైపోతా."

"దిండు తెచ్చుకున్న ఫకీరును ఇప్పుడే చూస్తి" అన్నాడు తాత. చేయి చాచి దిండును ఒకసారి నొక్కాడు. కరకరమంది. ఇదేమని అడగలేదు.

మస్తానప్పే ఆపుకోలేక అంతా చెప్పేశాడు. "నేను ఏమీ అమ్మలేదు కదా తాతా! ఒకరిని ముంచలేదు, ఒక రూపాయి దాచలేదు. నావల్ల ఎవరికేం నష్టం? నా మీద ఎందుకింత కోపం వాళ్ళకు?"

తాత విన్నాడు. విని, "ఉండు" అన్నాడు. అంతే.

చావిడిలో వంట చూసేది లాలెమ్మ. ఆమె కేక వేస్తే గుట్ట కింద ఆగి ఉన్న లారీలు బయల్దేరేవి. ఆమె మస్తానప్ప చేతిలో ఒక స్టీలు గ్లాసు పెట్టి, వంటింటి గడప పక్కనున్న చెక్క చూపించింది. దాని మీద నలభై గ్లాసులు వరసగా ఉన్నాయి. కొన్ని నిలబెట్టి ఉన్నాయి, కొన్ని బోర్లించి ఉన్నాయి.

"పొద్దున్నే పొయ్యి రాజేసేలోపల నీ గ్లాసు ఇక్కడ పెట్టల్ల. తింటే నిలబెట్టు, తినకపోతే బోర్లించు. ఇంకేం నియమాల్లేవప్పా ఈడ."

మరుసటి రోజు మస్తానప్ప ఒక్కపొద్దు పట్టాడు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తినేది లేనప్పుడు గ్లాసు గొడవ ఎందుకని దాన్ని తనకిచ్చిన గదిలోనే ఉంచుకొని, తలుపు వేసుకొని, తసబీ పూసలు తిప్పుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది. పొద్దు వాలింది. ఎవరో తలుపును దబదబా బాదారు. ఆ బాదుడుకు గోడ మీది బల్లులు రాలిపడ్డాయి.

"అప్పా! నీ గ్లాసేదీ?"

మస్తానప్ప తలుపు తీశాడు. ఎదురుగా లాలెమ్మ, నడుము మీద చేతులు పెట్టుకొని.

"నేను ఒక్కపొద్దున్నా లాలెమ్మా. తిననోడికి గ్లాసెందుకు?"

"తినవని నాకు కల వస్తాదా? నువ్వు రాలేదు, నీ గ్లాసూ రాలేదు. ఉన్నావో, పోయినావో, జరమొచ్చి పడున్నావో యెవురికి తెలుసు? నీ వంతు కూడా వండినా. రా, వచ్చి చూడు!"

గ్లాసు చేత పట్టుకొనే వెళ్ళి చూశాడు.

చావిడి నిండా జనం విస్తళ్ళ ముందు కూర్చొని ఉన్నారు. సంగటి ముద్దలు చల్లారి గుండ్రాళ్ళయిపోయాయి. పప్పు మీద తెట్టె కట్టింది. ముసలివాళ్ళు స్తంభాలకు ఆనుకొని కునుకుతున్నారు. ఆకలి చూడలేక గుట్ట మీది కోతులు తమ జామకాయలు తెచ్చి పంచడానికి సిద్ధపడ్డాయి. తాత అందరికంటే ముందు కూర్చొని ఉన్నాడు. ఆయన చేయి ఇంకా తడవలేదు. ప్రతి మనిషి సంగతీ తెలియందే ఆయన ముద్ద ముట్టడు, ఆయన ముట్టందే ఎవరూ ముట్టరు.

ఒక ముసలమ్మ కళ్ళు తెరిచి, "బతికే ఉన్నావా నాయనా" అంది. తిట్టినట్టు కాదు. నిజంగానే అడిగింది.

మస్తానప్ప తాత వైపు తిరిగాడు. "తాతా, నేను ఏమీ తినలేదు కదా. నావల్ల..."

నిన్న తానన్న మాట తనకే వినబడింది.

తాత లేచి వచ్చాడు. మస్తానప్ప చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. నడిచి వెళ్ళి చెక్క మీద బోర్లించాడు. టక్కుమని చిన్న చప్పుడైంది.

తిరిగి వచ్చి కూర్చొని, చేయి కడుక్కొని, "బిస్మిల్లా" అని సంగటి విరిచాడు. కాచుకున్న చేతులన్నీ ఒక్కసారిగా విస్తళ్ళలోకి దిగాయి.

తినడమయ్యాక లాలెమ్మ అడుగు మాడిన పెద్ద గుండిగ తెచ్చి మస్తానప్ప ముందు పెట్టింది. "చెప్పకుండా కూర్చోబెట్టినోళ్ళు గుండిగ తోమల్ల. తాతైనా తోమల్సిందే. పోయిన ఉగాదికి తోమినాడు."

అది గుండిగ కాదు, బావి. మస్తానప్ప నడుము దాకా అందులోకి దిగి బూడిదతో, కొబ్బరిపీచుతో రుద్దాడు. ఎంతసేపు తోమినా ఇంకా మసే. తాత పక్కన అరుగు మీద కూర్చొని చూస్తూ ఉన్నాడు.

"తాతా, పొద్దున్నే బోర్లించి ఉంటే ఈ గుండిగ ఉండేది కాదు కదా."

"ఉండేది కాదు."

"ఇంకా నాలుగు రోజులు ఆ గదిలోనే దాక్కొని ఉంటే?"

తాత వంటింటి గోడ వైపు చూశాడు. అక్కడ ఇంతకన్నా పెద్ద గుండిగలు ఇంకా నాలుగు బోర్లించి ఉన్నాయి.

మస్తానప్ప మళ్ళీ రుద్దాడు. కాసేపటికి అడుగు తళతళలాడి తన ముఖం కనిపించింది. లాలెమ్మ వచ్చి వేలితో గీరి చూసింది. "బాగుంది. రేపు నీకూ దీంట్లోనే వండుతా" అని ఎత్తుకొని పోయింది. ఆమె ముఖంలో కోపమనేదే లేదు. ఎప్పుడో మరిచిపోయినట్టుంది.

మస్తానప్ప గదిలోకి వెళ్ళి దిండు తెచ్చాడు. లాలెమ్మ దగ్గర కత్తెర అడిగి తీసుకొని, అందరి ముందూ దాని కుట్లు విప్పాడు. దూదితో పాటు కవర్లు బయటపడ్డాయి. దూది చావిడంతా ఎగిరి తాత గడ్డానికి ఇంకో గడ్డం మొలిచింది.

ఒక్కొక్కటే చించి చదివాడు. అన్నింట్లోనూ ఒకటే అడిగారు, ఈ నెల లెక్క ఏది అని. చివరి దాంట్లో, జవాబు ఇవ్వకపోతే నంబరు రద్దు చేస్తామని ఉంది. తారీకు చూసుకున్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"ఇంకా రెండు రోజులుంది తాతా!"

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి గుట్ట దిగాడు. ఆ దిగడం దిగడం ఆదోనిలోనే ఆగాడు.

లెక్కలు దాఖలు చేసే గోవర్ధను ఆ కవర్లు చూసి తల పట్టుకున్నాడు. "సున్నా అయితే సున్నా అని పెట్టల్ల కదన్నా! రెండు నిమిషాల పని. నెలకు రెండు నిమిషాలు."

"టక్కుమని అయిపోతాది" అన్నాడు మస్తానప్ప.

గోవర్ధనుకు అర్థం కాలేదు. కూర్చొని పద్నాలుగు నెలలకూ సున్నాలు పెట్టాడు. ఆలస్యానికి రుసుము కట్టించాడు. గడువులోపల జవాబు పంపాడు. రుసుము నాలుగు పరుపుల ఖరీదయింది. హుసేనమ్మ ఆ నాలుగు పరుపుల గురించి నలభై రోజులు తిట్టింది. కానీ కొట్టు అమ్ముకోవాల్సి వస్తుందని ఏడాదిగా వణికిన మనిషికి ఆ తిట్లు పన్నీటి జల్లులే. నంబరు తిరిగొచ్చింది. పన్నెండు మంది ఆడవాళ్ళు మూడు వందల గలీబులు కుట్టారు. సూదులు తిరిగిన వేగానికి వీధిలో గాలి వీచింది.

ఆర్డరు ముగిసింది. వానలు పట్టుకున్నాయి. వానల్లో పరుపులు కొనేదెవరు? మస్తానప్ప కొట్టులో ఈగలు కూడా వాలలేదు.

ఒకనాడు తడుస్తూ గుట్టెక్కాడు. పైపంచె కింద పొడిగా దాచి తెచ్చిన కొత్త దిండు తాత ముందు పెట్టాడు.

"బేరాలెట్లున్నాయిరా?" అన్నాడు తాత.

"పోయిన నెల ఒక్కటీ లేదు తాతా. సున్నా."

"చెప్పినావా?"

"నెల తిరగంగానే చెప్పేసినా."

తాత దిండును రెండు చేతులతో చెవి దగ్గర పెట్టుకొని నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"చప్పుడు లేదు" అన్నాడు. దాన్ని తల కింద పెట్టుకొని ఆ క్షణమే నిద్రపోయాడు.

మస్తానప్ప అడుగుల చప్పుడు కాకుండా వంటింటి గడప దాకా నడిచి, తన గ్లాసు వెతికి నిలబెట్టాడు.