తలవైపు నిలబడ్డ మనిషి

గౌరునాయుడు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. బొబ్బిలిలో మూతపడిన ఒక బియ్యం మిల్లు గోదాములో ఆయన వ్యాయామశాల నడుపుతున్నారు. అక్కడికి వచ్చేవాళ్లందరికీ ఆయన అలవాటు తెలుసు. అందుకే ప్రశ్నలడిగేవాళ్లు తక్కువ. ఆ రోజు మాత్రం సుభద్ర అడిగింది.

“మాస్టారూ, వాడిన బరువు ప్లేట్లు తీసినచోట పెట్టాలన్నారు, పెట్టాను. బెంచీ మీద చెమట తుడవాలన్నారు, తుడిచాను. బరువెత్తేవాళ్ల ఎదురుగా నడవకూడదన్నారు, ఏనాడూ నడవలేదు. ఈ మర్యాదల వల్ల నా బలం ఒక్క కిలో అయినా పెరిగిందా? నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు నన్ను దాటిపోతున్నారు. బలానికి అక్కరలేనివి నాకెందుకు నేర్పారు?”

నిన్నగాక మొన్న వచ్చినవాళ్లంటే ఒక్కతే, హైమ. బజారులో రెడీమేడ్ బట్టల దుకాణంలో పనిచేస్తుంది. దుకాణం కట్టేశాక నేరుగా వ్యాయామశాలకి వస్తుంది. సుభద్ర అక్కడ చేరిన మొదటి ఆడమనిషి. ఇరుగుపొరుగువాళ్ల నవ్వులు, అత్తగారి మూతివిరుపులు అన్నీ భరించి ఏళ్ల తరబడి బరువులెత్తింది. మాస్టారి నోట “బాగుంది” అన్న మాట వినడానికి ఆమెకి ఏడాది పట్టింది. హైమకి ఆ మాట రెండో నెలలోనే దక్కింది. ఆ రాత్రి సుభద్రకి అన్నం సయించలేదు. చారులో ఉప్పు ఎక్కువైందని వంక పెట్టి కంచం ముందు నుంచి లేచిపోయింది.

అప్పటినుంచీ ఆమె మర్యాద మరీ ఎక్కువైంది. హైమ లేచిన బెంచీని, హైమ తుడిచాక కూడా, అందరూ చూసేలా మళ్లీ తుడిచేది. ప్లేట్లు తీసినచోటే పెట్టేది, కాకపోతే హైమ ఊపిరి బిగబట్టిన క్షణం చూసి ఖంగుమనేలా పెట్టేది. తన వంతు అయిపోయినా బెంచీ మీదే కూర్చుని, ఫోను చూసుకుంటూ, “ఇంకొక్క విడత ఉందమ్మా” అనేది. హైమ పక్కన నిలబడి, “నిదానంగా కానీ అక్కా, నాకేం తొందర లేదు” అనేది. ఆ మాటలో వెటకారం ఉందేమోనని సుభద్ర ఎంతో వెతికింది. దొరకలేదు. దొరకనందుకే ఇంకా మండిపోయింది.

ఇప్పుడు జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. వాళ్లిద్దరి శరీర బరువూ ఒకే తరగతిలోకి వస్తుంది. ఆ తరగతిలో ఈ వ్యాయామశాల నుంచి వెళ్లేది ఒక్కరే.

మాస్టారు అంతా విన్నారు. తలుపు పక్కనున్న పాత యంత్రానికి నట్టు వదులైతే పానాతో బిగిస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు: “హైమ ఇవాళ కొత్త బరువు చూస్తానంటోంది. తలవైపు నువ్వెళ్లి నిలబడమ్మా.”

బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఛాతీ మీంచి బరువు పైకి నెట్టేటప్పుడు, ఎత్తేవాళ్ల తలవైపు ఒకరు నిలబడాలి. బరువు పైకి కదులుతున్నంతసేపూ దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఎత్తేవాళ్ల కష్టం వృథా. అది వెనక్కి దిగడం మొదలైతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా అందుకోవాలి, లేకపోతే గుండెల మీదికో గొంతు మీదికో వచ్చేస్తుంది. ఈ సంగతి కొత్తవాళ్లకి నేర్పేది సుభద్రే.

కాదనడానికి కారణం దొరక్క వెళ్లి నిలబడింది. హైమ మంగళసూత్రాన్ని బనీను లోపలికి తోసుకుని పడుకుంది. తలకిందులుగా కనిపిస్తున్న ఆ ముఖం సుభద్రకి మరీ చిన్నపిల్ల ముఖంలా తోచింది. “చూసుకుంటావు కదక్కా,” అని నవ్వి, జవాబు కోసం ఆగకుండా ఇనుప కడ్డీని స్టాండు మీంచి లేపింది.

మొదటిసారి తేలిగ్గా వెళ్లింది. రెండోసారి మోచేతులు వణికాయి, అయినా వెళ్లింది. సుభద్ర ఇంతవరకు ఎత్తనంత బరువది. ఇక ఆపేస్తుందనుకుంది. ఆపలేదు. మూడోసారి కడ్డీ ఛాతీ దాకా దిగి, సగం దాకా లేచి, అక్కడ నిలిచిపోయింది.

నిలిచిపోయి, మెల్లగా కిందికి రావడం మొదలుపెట్టింది.

సుభద్ర కళ్లు అది చూశాయి. చేతులు కదలలేదు. ఇంకా నెట్టగలదేమో అనుకున్నానని తర్వాత చెప్పొచ్చు. తొందరపడి ముట్టుకుంటే ఆమె ప్రయత్నం పాడవుతుందని ఆగానని చెప్పొచ్చు. నియమం కూడా అదే కదా! ఎవరూ తప్పు పట్టరు. హైమకి ఒక్క భుజం పట్టేస్తే చాలు, జిల్లా పోటీలకి ఎవరు వెళ్లాలో ఇక తేల్చనక్కరలేదు. ఆ ఒక్క ఊపిరిసేపు ఆమె గుండెల్లో కలిగినది భయం కాదు, సంతోషం. తియ్యగా ఉంది.

హైమ కళ్లు పైకెత్తి చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, నింద లేదు. అక్క చేతులు వస్తున్నాయిలే అన్నట్టు ఊరికే ఎదురుచూస్తోంది.

సుభద్ర రెండు చేతులతో కడ్డీని ఒడిసిపట్టి, గుంజి, స్టాండు మీద పడేసింది. గోదామంతా ఖణేలుమంది.

హైమ దగ్గుతూ లేచి కూర్చుంది. మెడ కింద, కడ్డీ వచ్చి ఆనినచోట, ఎర్రగా చార కట్టింది. దాన్ని వేళ్లతో రుద్దుకుంటూ నవ్వింది. “నువ్వున్నావని తెగించానక్కా. ఇంకెవరైనా అయితే ఆ మూడోదాని జోలికి పోయేదాన్నే కాదు.”

హైమ తువ్వాలుతో బెంచీ తుడిచి, మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లిపోయింది. సుభద్ర ప్లేట్లు ఒక్కొక్కటే తీసి గోడవారగా పెట్టింది. ఈసారి చప్పుడు కాలేదు.

తలుపు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఇంకా ఆ నట్టుతోనే కుస్తీ పడుతున్నారు. ఆయన చూశారో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

“మాస్టారూ, ఇంకెప్పుడూ నన్నక్కడ నిలబెట్టకండి.”

“అలాగే.”

ఆయన అంత సులువుగా ఒప్పుకోవడం ఆమెకి ఎలాగో అనిపించింది. వెళ్లిపోబోయింది.

“రేపు నువ్వు ఎత్తాలి కదా,” అన్నారాయన. “అదే బరువు మూడుసార్లు నువ్వూ ఎత్తి చూడు. ఇద్దరిలో ఎవరిని పంపాలో రేపు చూసి చెప్తాను. తలవైపు హైమ నిలబడతాది.”

సుభద్ర వెనక్కి తిరిగి చూసింది. హైమ కుండ దగ్గర ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతోంది. ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరికి తెలుసు? పైకి నవ్వే వాళ్లందరూ లోపల కూడా నవ్వుతుంటారా? అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

“ఆమె సరిగ్గా నిలబడుతుందంటారా, మాస్టారూ?”

మాస్టారు పానా కింద పెట్టి, మొదటిసారి తలెత్తి ఆమె ముఖంలోకి చూశారు.

“నీలాగే నిలబడతాదనుకో,” అన్నారు. “అనుకుని బెంచీ మీద పడుకో, చూద్దాం.”