నూకాలు కొంగుముడి

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. మధ్యలో లేచిపోయేవాళ్ళు ఇప్పుడే లేచిపోండి.

అప్పుడెప్పుడో, మన ఏరు ఇంకా సన్నగా పారే కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఊళ్ళో ఒక్కరికీ రాత రాదు. ఏదన్నా గుర్తుంచుకోవాలంటే ఆడవాళ్ళు చీర కొంగుకి ముడి వేసుకునేవాళ్ళు, మగవాళ్ళు తుండుగుడ్డ అంచుకి వేసుకునేవాళ్ళు. పని అయిపోగానే ముడి విప్పేసేవాళ్ళు. అంతే, వాళ్ళ రాతకోతలన్నీ అవే.

ఆ ఊరి చాకిరేవులో బట్టలుతికే మనిషి నూకాలు. ఆవిడకి ఉన్నవి మూడే మూడు. ఒక గాడిద, ఒక చాకిబండ, ఒక మనవరాలు. మనవరాలి పేరు బంగారి. కూతురు పురిట్లోనే పోయింది. అల్లుడు మళ్ళీ ఈ దిక్కు తొంగి చూడలేదు. పిల్ల అమ్మమ్మ చంకలోనే పెరిగి ఐదేళ్ళదయింది.

ఇక నూకాలు బెంగ గురించి చెప్పాలి. అది అలాంటిలాంటి బెంగ కాదు. మబ్బు పడితే బెంగ, పట్టకపోతే బెంగ. గాడిద కుంటితే బెంగ, కుంటకపోతే ఎప్పుడు కుంటుతుందోనని బెంగ. అందరూ పనికి ముడి వేసుకుంటే ఈవిడ బెంగకి కూడా ముడి వేసుకునేది. వేసింది విప్పేది కాదు. బెంగ తీరితే కదా విప్పడానికి!

కొంగు నిండా ముడులే. నడుస్తుంటే మోకాలికి కొట్టుకునేది.

"నూకాలప్పా, ఆ కొంగుతోనే బట్టలు బాదెయ్యొచ్చు కదే, చేతులెందుకు నొప్పి పెట్టుకోడం?" అనేవాళ్ళు రేవులో ఆడవాళ్ళు.

ఆవిడా నవ్వేది. ఆ తరవాత, నన్ను చూసి ఊరంతా నవ్వుతోంది కాబోలు అనుకుని ఇంకో ముడి వేసుకునేది.

ఆ ముడులన్నిటి అడుగున, కొంగు కొసన, అన్నిటికన్నా పెద్ద ముడి ఒకటుంది. కూతురు పోయిన రోజు వేసుకున్నది. నేను పోతే ఈ పిల్లకెవరు? అదీ ఆ ముడి.

ఒకసారి బంగారికి జ్వరం వచ్చింది. మందులిచ్చే సాయమ్మ వచ్చి నేలవేము కషాయం కాచి పెట్టింది.

"నూకాలూ, పొద్దున ఒకసారి, పొద్దు నడినెత్తికొచ్చాక ఒకసారి, పొద్దుగుంకాక ఒకసారి. ఒక్క పూట తప్పించి, తరవాత వచ్చి నాకు చెప్పకు" అంది.

ఆ పిల్ల అమ్మమ్మ చేత్తో తప్ప మందు మింగదు. పొద్దున పట్టింది నూకాలు. పిల్లని పక్కింటావిడకి చూస్తుండమని అప్పగించింది. నడినెత్తి మందు కోసం కొంగుకి ముడి వేసుకుని రేవుకి వెళ్ళింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. నూకాలు కొంగు తడుముకుంది. ఏదో పనుందే, ఏమిటది? ఒక ముడి పట్టి చూసింది. గాడిద. ఇంకో ముడి పట్టి చూసింది. వాన. మూడో ముడి పట్టి చూసింది. పెద్దింటి రాములమ్మ నిన్న చీర చూసి అన్న మాట, "ఉతికావా, ముంచి తెచ్చావా?" అని. ఆ మాట గుర్తొచ్చేసరికి నూకాలుకి మళ్ళీ మనసు కలుక్కుమంది. చీరని ఇంకా గట్టిగా బాదింది, బాదుతూనే ఉంది. పొద్దు వాలిపోయింది.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. "అప్పా, పిల్ల కళ్ళు తేలేస్తోంది."

తడి చీరతోనే పరిగెత్తింది నూకాలు. పిల్ల పళ్ళు బిగించేసింది. వేలితో పెదవులు తీసి, ఒక్కో చుక్కా పోసింది. ఒక రోజు గడిచింది, పిల్ల కళ్ళు తెరవలేదు. రెండో రోజు గడిచింది, తెరవలేదు. మూడో రోజు తెరిచి, "అమ్మమ్మా, ఆకలి" అంది. ముసల్ది అప్పుడు ఏడ్చింది. మూడు రోజులు ఆపుకున్నదంతా ఏడ్చింది.

నాలుగో రోజు చాకిబండ మీద కూచుని కొంగు ఒళ్ళో పరుచుకుంది. "పనికిరాని ముడులన్నీ కలిసి పనికొచ్చే ముడిని దాచేశాయి. నా పిల్లని నేనే చంపుకునేదాన్ని" అంది. ఒక్కో ముడినీ పట్టుకుని అడిగింది.

"నీతో ఇవాళ నాకు పనుందా?"

వానతో పని లేదు. విప్పింది. రాములమ్మ మాటతో పని లేదు. విప్పింది. గాడిద కాలికి ఆముదం రాయాలి. వెళ్ళి రాసొచ్చి అదీ విప్పింది. అలా విప్పుకుంటూ పోతే ఆఖర్న పెద్ద ముడి మిగిలింది.

"నేను పోతే ఈ పిల్లకెవరు? నీతో ఇవాళ నాకు పనుందా?"

ఉంది. పిల్లకి జడ వేసుకోవడం నేర్పాలి. ఆ రోజు అది నేర్పింది. మర్నాడు పొయ్యి రాజెయ్యడం నేర్పింది. ఆ మర్నాడు అన్నం వార్చడం. ఆ ముడి మాత్రం విప్పలేదు. రోజూ ఒక పని చెప్పించుకునేది దాని చేత.

నూకాలు కొంగు తేలికైపోయిందని ఊరంతా చూసింది. ఒక్కొక్కళ్ళే రేవుకి రావడం మొదలుపెట్టారు.

మొదట కుమ్మరి అచ్చియ్య వచ్చాడు. "ఆవంలో కాలే కుండలు పగిలిపోతాయేమో అప్పా, ముద్ద దిగట్లేదు."

"ఆవం మూసేశావా?"

"మూసేశాను."

"ఇవాళ ఇంకా పనుందా?"

"లేదు."

"అయితే విప్పెయ్, వెళ్ళి తిను."

తరవాత ఒక కొత్త కోడలు వచ్చింది. "మా అమ్మకి ఒంట్లో బాలేదంట, ఎలా ఉందో ఏమో."

"ఇవాళ పనుందా?"

"వెళ్ళి చూసి రావచ్చు."

"మరి నా మొహం చూస్తూ నించున్నావేమే? నడువు."

ఆ తరవాత వచ్చింది పెద్దింటి రాములమ్మ. అవును, ఆ మాటన్న రాములమ్మే. చేతికందిన కొడుకు పోయి నెల తిరగలేదు. కొంగుకి ఒకే ఒక్క ముడి.

"పనేమీ లేదు నూకాలూ. కానీ విప్పలేను."

నూకాలు విప్పమనలేదు. పక్కన చోటు చూపించింది. తన అంబలి ముంత ఆవిడ చేతికిచ్చింది. "ఉండనీయమ్మా. ఇవాళ పని, ఇది తాగడం. రేపటి పని రేపు వచ్చి అడుగు" అంది. రాములమ్మ మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఏడాది పొడుగూ వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. బంగారి ఈడుకొచ్చింది. నూకాలు మంచం పట్టింది.

"అమ్మమ్మా, ఈ ఒక్క ముడీ ఎందుకు విప్పలేదు?" అని అడిగింది బంగారి.

"రోజూ దీంతో పనుండేదమ్మా."

"ఇవాళ ఉందా?"

"ఉంది. కానీ ఇవాళ పని నా చేతిది కాదు. రాములమ్మని పిలు."

రాములమ్మ వచ్చింది. నూకాలు ఆ కొంగు కొస తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "ఈ పిల్ల ఏడుస్తూ కూచుంటే అన్నం తినదు" అంది. ఆ పూటే పోయింది.

దహనం అయిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. బంగారి గోడకి ఆనుకుని కూచుంది. మంచినీళ్ళిచ్చినా ముట్టలేదు. సాయంత్రం రాములమ్మ కంచంలో అన్నం కలుపుకుని వచ్చింది. పక్కన కూచుని బంగారి కొంగు తీసి ముడి వేసింది.

"ఇవాళ పనుందే నీకు."

"ఏం పనమ్మా?"

"మూడు ముద్దలు తినాలి. మీ అమ్మమ్మ చెప్పి పోయింది."

మొదటి ముద్ద ఏడుస్తూ తింది. రెండో ముద్దా ఏడుస్తూనే తింది. మూడో ముద్ద మింగాక, రాములమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. అప్పుడు రాములమ్మ ఆ ముడి విప్పింది. బంగారికెవరు అన్న ముడి కూడా అక్కడే విడిపోయింది.

ఆ ఏటి పక్క ఊళ్ళలో ఇప్పటికీ ఎవరింట్లోనన్నా మనిషి పోతే, ఇరుగుపొరుగులో ఒక పెద్దావిడ అన్నం కలుపుకుని వెళుతుంది. ఏడ్చేవాళ్ళ కొంగుకో తుండుకో ముడి వేస్తుంది. మూడు ముద్దలు తినిపించి విప్పుతుంది. దాన్ని నూకాలు ముడి అంటారు. ఎవరన్నా ఊరికే బెంగ పెట్టుకుని కూచుంటే, "ఇవాళ పనుందా?" అని అడుగుతారు. ఉంటే చేస్తారు, లేకపోతే విప్పేస్తారు. విప్పలేకపోతే పక్కన కూచోబెట్టుకుని అంబలి పోస్తారు.

నా కథ ఇంతే. ఊఁ కొట్టింది చాలు, ఎవరి కొంగు వాళ్ళు చూసుకోండి.