కేక వేయలేని కావలి

ఇప్పకోన అనే అడవిలో కొండముచ్చులు, చుక్కల దుప్పులు ఇరుగుపొరుగుగా బతికేవి. కొండముచ్చులు చెట్ల మీద ఆకులు తింటూ సగం కింద పడేసేవి. దుప్పులు వాటిని తినేవి. అందరికంటే ఎత్తున, మద్దిచెట్టు కొసన, ఒక కొండముచ్చు కావలి కూర్చునేది. చిరుతపులి జాడ కనిపిస్తే అది కేక వేస్తుంది. కేక వినగానే అందరూ పరుగు తీస్తారు.

ఆ పని రెమ్మ అనే కొండముచ్చుది. దాని చూపు చాలా చురుకు. మొదట్లో ఎంతో హుషారుగా కావలి కాసేది.

మందకు పెద్ద బింకయ్య. పేరుకు తగ్గట్టే దానికి బింకం ఎక్కువ. కేక వేశాక చిరుత రాకపోతే అది రెమ్మ తప్పేనని బింకయ్య తేల్చేసింది. పొదలో అడవిపంది కదిలినా, గాలికి గడ్డి ఊగినా రెమ్మ చిరుతేమోనని కేక వేసేది. ఆ రోజు బింకయ్య దాన్ని అందరి ముందూ నిలబెట్టి తిట్టేది. తిండి కూడా అందరూ తిన్నాకే పెట్టేది. కాసేపు నడుం వాలుస్తానని అడిగితే, "పైన కూర్చుని చూడటం కూడా ఒక పనేనా?" అనేది. తను మాత్రం ఒక్కనాడూ ఆ కొమ్మ ఎక్కలేదు.

రానురాను రెమ్మకు నిద్ర కరువైంది. తిండి సయించలేదు. ఊరికే కూర్చుని తన ఒంటి మీది వెంట్రుకలు తనే పీక్కునేది. దానికి పిచ్చి పట్టిందని తోటి కొండముచ్చులు నవ్వుకున్నాయి. నవ్వడానికేం, ఎవరైనా నవ్వుతారు.

దుప్పుల్లో పెద్దదైన చుక్కవ్వ మాత్రం నవ్వలేదు. చెట్టు కిందకు వచ్చి, ఏమైందమ్మా అని అడిగింది. అంతవరకు రెమ్మను ఆ మాట అడిగినవాళ్ళే లేరు. దానికి ఏడుపు ఆగలేదు.

"అవ్వా, నాకిప్పుడు చిరుతంటే భయం లేదు. కేక వేయాలంటేనే భయం," అంది.

చుక్కవ్వ నేరుగా బింకయ్య దగ్గరకు వెళ్ళింది. కావలి కొండముచ్చులన్నీ వంతులవారీగా కాయాలనీ, ఉత్త కేకకు ఎవరినీ తిట్టవద్దనీ చెప్పింది. బింకయ్య మీసం దువ్వుకుంది.

"భయం ఉంటేనే పని జరుగుతుంది. నీ గడ్డి నువ్వు మేసుకో," అంది.

ఒక మధ్యాహ్నం బింకయ్య చెట్టు దిగి, రాలిన ఇప్పపూలు తింటూ కూర్చుంది. దూరంగా గడ్డి కదిలింది. రెమ్మ చూసింది. కేక వేయడానికి నోరు తెరిచింది. గాలే అయితే? మళ్ళీ అందరి ముందూ తిట్లేనా? తెరిచిన నోరు మూసేసుకుంది.

అది గాలి కాదు, చిరుత. చుక్కవ్వ ముక్కుకు వాసన తగిలి గట్టిగా అరిచింది కాబట్టి సరిపోయింది. బింకయ్య చెట్టెక్కి ప్రాణం దక్కించుకుంది కానీ, సగం తోక చిరుత నోట్లో ఉండిపోయింది.

అంత నొప్పిలోనూ బింకయ్య రెమ్మ మీదికే వెళ్ళింది. ఎందుకు అరవలేదని గద్దించింది.

"గడ్డి కదలడం చూశాను మామా. చిరుత కాకపోతే నువ్వు తిడతావని ఆగిపోయాను," అంది రెమ్మ.

మంద అంతా విన్నది. తల్లులు తమ పిల్లలను దగ్గరకు లాక్కున్నాయి. ఇకమీదట వంతులవారీగానే కాస్తామని అందరూ బింకయ్యకు తేల్చి చెప్పారు.

మర్నాటి నుంచి చుక్కవ్వ చెప్పినట్టే కావలి వంతులవారీగా సాగింది. రెమ్మకు సెలవు దొరికింది. ఎండలో వెల్లకిలా పడుకుని కంటినిండా నిద్రపోయింది. కొన్నాళ్ళకు దాని ఒంటి మీద మళ్ళీ నూగు వచ్చింది.

బింకయ్యకూ వంతు వచ్చింది. కొమ్మ ఎక్కిన కాసేపటికే చెమటలు పట్టాయి. పొద కదిలితే గొంతు చించుకుని కేక వేసింది. అందరూ చెట్లెక్కేశారు. పొదలోంచి ఒక నెమలి తీరిగ్గా బయటికి వచ్చింది.

బింకయ్య తల వంచుకుని కిందకు దిగింది. ఎవరు ఏమంటారోనని ఓరగా అటూ ఇటూ చూసింది. ఎదురుగా రెమ్మ వచ్చి నిలబడింది.

"మంచి పని చేశావు మామా. అనుమానం వస్తే మళ్ళీ కేక వెయ్యి," అని దోసెడు ఇప్పపూలు దాని చేతిలో పెట్టింది.

నీతి: పనిచేసేవారిని భయపెడితే వారి మనసు చెడుతుంది, దాంతోపాటు పనీ చెడుతుంది. విశ్రాంతి, ఆదరణ ఉన్నచోటే అందరికీ క్షేమం.