దాలినాయుడు మరిచిన మాట

ఒక ఊరి ఆసుపత్రి రక్తనిధిలో దాలినాయుడు అనే కంప్యూటరు ఉద్యోగి ఉండేవాడు. 'నాకు తెలియదు' అన్న మాట అతని నోట ఎవరూ వినలేదు.

అక్కడ యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచే పాత కంప్యూటరు ఒకటి ఉండేది. అరుదైన గ్రూపు రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు అందులోనే ఉండేవి. దాన్ని తెరిచే పాస్‌వర్డ్ నాయుడికి ఒక్కడికే తెలుసు. దాన్ని తెరిచే అవసరం ఎప్పుడో గానీ పడేది కాదు. అయినా ఎక్కడా రాసిపెట్టలేదు. "నా బుర్రలో ఉందిగా" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే నర్సు కరుణమ్మ పరుగున వచ్చింది.

"నాయుడు గారూ, కాన్పయిన గౌరికి రక్తం ఆగడం లేదు. ఆ గ్రూపు మన దగ్గర ఒక్క ప్యాకెట్టూ లేదు. పేర్లు తియ్యండి."

పాస్‌వర్డ్ 'నేరేడు' అని గుర్తుంది. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పెట్టాడు? ఒక 'ఈ' కొట్టాడు. తెరుచుకోలేదు. రెండు కొట్టాడు. లేదు. పక్కన 'ఏ' కలిపాడు. లేదు. ఇంకా కొడితే అంతా చెరిగిపోతుందేమోనని వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

గౌరి భర్త అప్పలస్వామి గుమ్మంలోకి వచ్చాడు. "దొరికాయా బాబూ?"

"మిషను కాస్త నెమ్మది. వచ్చేస్తాయి" అన్నాడు నాయుడు.

అరగంట పోయింది. అప్పలస్వామి మళ్ళీ వచ్చాడు.

"దాని పాదాలు మంచులా ఉన్నాయి బాబూ. నన్ను గుర్తుపట్టట్లేదు."

నాయుడు కరుణమ్మ వైపు తిరిగి, "పాస్‌వర్డ్ మరిచిపోయానమ్మా" అన్నాడు మెల్లగా.

ఆమె తిట్టలేదు. ఎదురు వీధిలో కంప్యూటర్లు బాగుచేసే సత్యారావును పిలుచుకొచ్చింది. ఆయన మరలు విప్పి, పేర్లు దాచి ఉన్న డిస్కు బయటికి తీశాడు.

"పాస్‌వర్డ్ గుమ్మానికేనయ్యా, లోపలి సామానుకు కాదు. నా కంప్యూటరుకు తగిలిస్తే చదివేస్తుంది. ముసలి డిస్కు, తిరిగితే చాలు."

డిస్కు కరకరమంది. ఆగింది. మళ్ళీ తిరిగింది. పేర్లు వచ్చాయి. మొత్తం పది నిమిషాల పని.

ఆ జాబితాలోని దర్జీ ఒకాయన వచ్చి రక్తం ఇచ్చాడు. సాయంత్రానికి గౌరి కళ్ళు తెరిచింది. "ఇంకో పావుగంట అయ్యుంటే..." అని డాక్టరమ్మ మాట ఆపేసింది.

అప్పలస్వామి వచ్చి నాయుడికి చేతులెత్తి మొక్కాడు. "పొద్దున్నుంచి మాకోసం ఎంత కష్టపడ్డారు బాబూ."

నాయుడు ఆ చేతులు పట్టుకుని దించేశాడు. "నాకు మొక్కకు. ఆ అరగంట పోగొట్టింది నేనే."

మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. సిగ్గుపడి దాన్ని దాచిపెడితే మాత్రం ఎదుటివాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది.