బస్సు కన్నా ముందు నాగరికత

మార్కండేయులు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పుల్లో కాళ్లు పెడతారు. డిగ్రీ కాలేజీలో వ్యాసరచన నేర్పే ఆయన వెంట ఎక్కడికో ఒకచోటికి నడిచే ఓపిక ఉన్నవాళ్లే ఆయన ముందు నోరు తెరిచేవారు.

ఆ రోజు కరుణకుమారి తెరిచింది. బస్సు కాలేజీ దగ్గర ఆగాలని ఆమె వ్యాసం రాస్తే, మాస్టారు మొదటి రెండు పేజీలనూ అడ్డంగా కొట్టేసి ఇచ్చారు. ఆ పిల్లకు ఏడుపొక్కటే తక్కువ. నాలుగు రోడ్ల కూడలిలో దిగి రోజూ ఎండలో నడిచి వచ్చేది తనూ తన స్నేహితురాళ్లూ. అది మార్కుల కోసం రాసిన వ్యాసం కాదు.

"ఉపోద్ఘాతం లేకుండా ఎలా మొదలుపెడతాం సార్? ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలోనే వచ్చిన పని చెప్పేస్తామా? మర్యాదగా ఉండదు కదా!"

మాస్టారు చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

బస్సు పాసుల పని మీద వచ్చిన డిపో మేనేజరు ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతున్నారు. బయట జీపు సిద్ధంగా ఉంది. "మా అమ్మాయి బస్సుల మీద వ్యాసం రాసిందండీ. మీ టీ అయ్యేదాకా వింటారా?" అన్నారు మాస్టారు. ఆయన సరేనన్నారు.

కరుణ గొంతు సవరించుకుని, కొట్టేసిన మొదటి పేజీనే పట్టుదలగా అందుకుంది. మానవుడు చక్రం కనిపెట్టాడు. ఎడ్లబండి వచ్చింది. నాగరికత వికసించింది. మేనేజరు పెద్దమనిషి, చిరునవ్వు చెదరకుండా విన్నారు. రైలు ఇంకా పట్టాలెక్కకముందే కప్పు ఖాళీ అయింది. "బాగా రాశావమ్మా, వృద్ధిలోకి రావాలి" అని దీవించి లేచారు.

కరుణ కాగితాలు కింద పడేసి ముందుకు ఉరికింది. "సార్! మా కాలేజీ దగ్గర బస్సు ఆపండి సార్!" అని అరిచినంత పని చేసింది.

ఆయన గుమ్మంలో ఆగారు. "ఎందుకమ్మా?"

"కూడలి నుంచి నడిచి వచ్చేసరికి మొదటి పీరియడు అయిపోతోంది సార్. మొన్న మా సుభాషిణి ఎండకు కళ్లు తిరిగి పడిపోయింది. పక్క క్లాసులోనే ఉంది, పిలవమంటారా?"

"మీ గేటు ముందు మలుపుంది. అక్కడ ఆపితే వెనకొచ్చే లారీ గుద్దుతుంది."

"మలుపు సంగతి నిజమే సార్. అందుకే అది దాటాక, నీళ్ల ట్యాంకు దగ్గర ఆపమంటున్నాను. అక్కడ రోడ్డు వెడల్పు."

మేనేజరు మళ్లీ కూర్చున్నారు. ఇంకో టీ వచ్చింది. అది పూర్తయ్యేలోగా, ట్యాంకు దగ్గర ఆపమని రేపే డ్రైవర్లకు చెప్తానని మాటిచ్చారు.

జీపు వెళ్లిపోయాక కరుణకు కాళ్లు నేల మీద నిలవలేదు. అంత సంతోషంలోనూ కింద పడిన కాగితాలు ఏరుకుని మాస్టారి వెంట పరుగెత్తింది.

"సార్, మరి దీన్ని ఎలా దిద్దుకోమంటారు?"

"దాన్నెందుకమ్మా దిద్దడం? నీ వ్యాసం నేనిప్పుడే విన్నాను" అన్నారు మాస్టారు. "మర్చిపోకముందే వెళ్లి రాసుకో."